చెంచా నుంచి మిల్లీలీటరు దాకా: మా వంటింటి కొలతల డైరీ

ఆదివారం

పని ఇదీ: మా అవ్వ నోటి లెక్కలో ఉన్న వంటల్ని మిల్లీలీటర్లలోకీ గ్రాముల్లోకీ మార్చి ఒక పట్టిక రాయాలి. ఒక కాపీ ఇక్కడ తిరుపతిలో మా వంటింటి అలమర తలుపుకి, ఇంకోటి మెల్‌బోర్న్‌లో ఉన్న వదినకి. వదిన అక్కడ కొలత చెంచాల సెట్టు ఒకటి కొనుక్కుంది. అవ్వ చెప్పినట్టే వేస్తున్నా గుత్తొంకాయలో నూనె తేలుతుందట. పచ్చి పులుసేమో ఒకరోజు చప్పగా, ఇంకోరోజు ఉప్పుకషాయం. ఫోన్ చేస్తే అవ్వ చెప్పేది ఒకటే: "చెంచాడెయ్యి. చాలకుంటే ఇంకొంచెం ఎయ్యి." ఏ చెంచా అని అడిగితే, "ఉండే చెంచానే!"

ఉండేవి ఎన్ని రకాలో సొరుగు బోర్లించి చూశాను. పోపుల పెట్టెలోది, చక్కెర డబ్బాలోది, ఎవరి గృహప్రవేశంలోనో ఇచ్చిన ఆరు టీస్పూన్ల సెట్టు, పిల్లకాయలు పెరుగన్నం తినేవి, అవ్వ 'పెద్ద చెంచా' అనేది, వడ్డించేది, పాలపొడి డబ్బాలో వచ్చిన ప్లాస్టిక్‌ది, దగ్గు మందు సీసా మూత. ఒకదాని గుంట ఇంకోదానికి పోలిక లేదు. వీటన్నిటినీ మనం ఒకే పేరుతో పిలిచి, ఆ పేరుతోనే ఉప్పూ కారం చెప్పుకుంటున్నాం.

కొలవాలంటే ముందు నమ్మదగ్గ కొలత ఒకటి చేతిలో ఉండాలి. స్కూలు ల్యాబులో ఉండే కొలజాడీ ఇంట్లో ఎక్కడిది? మందులషాపుకెళ్లి సూది లేకుండా సిరంజిలు అడిగాను: 5 మి.లీ.ది, 10 మి.లీ.ది, 50 మి.లీ.ది. బల్ల మీద పరిచేసరికి అవ్వ వచ్చి నిలబడింది. "ఏమ్మే, ఇంట్లోనే ఆస్పత్రి పెడతా ఉండావా?"

సిరంజి ఎందుకంటే అంత తక్కువ ధరలో అంత సన్న గీతలున్న కొలత ఇంకోటి దొరకదు. నా 5 మి.లీ. సిరంజి మీద 0.2 మి.లీ.కి ఒక గీత ఉంది. చదవాల్సింది నల్ల రబ్బరు ముందు అంచు దగ్గర, వెనక అంచు దగ్గర కాదు. లోపల గాలి బుడగ ఉంటే నిలువుగా పట్టి వేలితో కొట్టి బయటికి తోసేయాలి. ఇది నర్సులకి చెప్పక్కర్లేదు, మనలాంటి వాళ్లకే.

సాయంత్రం సిరంజిని కాటాతో సరిచూశాను. ఇంట్లో ఉన్నది గ్రాముకి గ్రాము చూపించే వంటింటి కాటా. ముందు కాటా సంగతి తేలాలి కదా. దానికి చిల్లర ఉంది. 2011 సిరీసులో వచ్చిన పది రూపాయల బిళ్ల బరువు 7.71 గ్రాములు. పది బిళ్లలు పెడితే 77 చూపించాలి. చూపించింది. తిరుపతిలో ఉండి చిల్లరకి వెతుక్కోవాల్సిన పని లేదు. ఆ తర్వాత ఖాళీ గిన్నె పెట్టి సున్నా నొక్కి, 50 మి.లీ. సిరంజితో అర లీటరు నీళ్లు పోశాను. 498 గ్రాములు. నీళ్లు 4 డిగ్రీల దగ్గర మి.లీ.కి ఒక గ్రాము తూగుతాయి, మన ఎండాకాలపు 30 డిగ్రీల్లో 0.996. అర లీటరుకి రావాల్సింది 498. సిరంజి, కాటా రెండూ ఒకే మాట మీద ఉన్నాయి.

నీళ్ల బరువుతో కొలత పాత్రని సరిచూడటం పాత పద్ధతే. 1901 నుంచి 1964 దాకా లీటరు నిర్వచనమే అలా ఉండేది: ఒక కిలో శుద్ధమైన నీళ్లు ఎంత చోటు పడితే అంత. అది లెక్క వేస్తే వెయ్యి ఘన సెంటీమీటర్ల మీద 0.028 ఎక్కువ వస్తోందని, 1964లో దాన్ని ఎత్తేసి లీటరంటే కచ్చితంగా వెయ్యి ఘన సెంటీమీటర్లేనని తేల్చారు. అందుకే సిరంజి మీద సీసీ అని ఉన్నా, ఎంఎల్ అని ఉన్నా ఒకటే.

సోమవారం రాత్రి

చెంచాల కొలత మొదలు. చెంచాని ఊరికే బల్ల మీద పెడితే పిడి బరువుకి ఒకవైపు ఒరుగుతుంది, నీళ్లు ఆ పక్కనుంచే కారిపోతాయి. చపాతీ పిండి ముద్ద చేసి అందులో చెంచాని కూర్చోబెట్టాను. వంగి, కన్ను అంచుకి సమంగా పెట్టి చూస్తూ, అంచు అన్ని వైపులా ఒకే మట్టంలో ఉండేదాకా ముద్దని నొక్కాను. తర్వాత సిరంజితో చుక్క చుక్క.

తమాషా అంతా అంచు దగ్గరే. నీళ్లు అంచు దాకా వచ్చాక పొర్లవు, నడుమ ఉబ్బుతూ పైకి లేస్తాయి. తలతన్యత. దీపం వెలుగు ఆ ఉబ్బు మీద వంకరగా కనపడుతుంది. చక్కెర డబ్బా చెంచాలో అంచు మట్టానికి 3.6 మి.లీ. పట్టింది. ఇక చుక్క వేస్తే కారిపోతుందన్నంత దాకా పోస్తే 4.5 అయింది. అంటే పోసే చెయ్యిని బట్టి అదే చెంచాలో పావు వంతు తేడా. అంచు మట్టాన్నే లెక్కలోకి తీసుకుంటున్నాను. నీటి పైభాగం గుంటగానూ లేకుండా, ఉబ్బుగానూ లేకుండా, అద్దంలా చదునుగా కనపడే క్షణం.

వచ్చిన లెక్కలు: పోపుల చెంచా 2.8. చక్కెర చెంచా 3.6. బహుమతి సెట్టులోవి 4.4. పెరుగన్నం చెంచా 8.2. అవ్వ పెద్ద చెంచా 11.4. వడ్డించేది 24. మందు మూతలో 5 గీత దగ్గర సిరంజి కూడా ఐదే చూపించింది, ఇంట్లో నిజం చెప్పే పాత్ర అదొక్కటే. పాలపొడి ప్లాస్టిక్‌ది కొలవలేదు. అది ఆ పొడి బరువుకి తగ్గట్టు చేసింది, ఇంకో డబ్బాలో దానికి అర్థం లేదు.

మన ఇళ్లే ఇలా అనుకోనక్కర్లేదు. 2010లో గ్రీసులో ఇళ్లలోని చెంచాల్ని సేకరించి కొలిచారు. టీస్పూన్లు 2.5 మి.లీ. నుంచి 7.3 దాకా, టేబుల్‌స్పూన్లు 6.7 నుంచి 13.4 దాకా వచ్చాయి. భోజనాల బల్ల మీది చెంచా నోటికి తగ్గట్టు చేసే వస్తువు, కొలతకి కాదు.

పూజ గదిలో ఉద్ధరిణిని కూడా కొలుద్దామనుకున్నాను. "దేవుడి దాంట్లో సూదిమందు గొట్టం పెడతావా? గమ్మునుండు," అంది అవ్వ. వదిలేశాను. తీర్థానికి మి.లీ.లు ఎందుకులే.

గురువారం

వదిన తన సెట్టు ఫొటో పంపింది. పెద్దదాని పిడి మీద 20 అని ఉంది. సగం గుట్టు అక్కడే వీడింది.

టీస్పూన్ దగ్గర ప్రపంచమంతా దాదాపు ఒకే మాట: 5 మి.లీ. అమెరికాలో వాళ్ల ఔన్సు లెక్కన కచ్చితంగా చూస్తే 4.93, కానీ ఆహార పొట్లాల మీద రాసే లెక్కకి వాళ్లూ 5 అనే తీసుకుంటారు. టేబుల్‌స్పూన్ దగ్గరే గొడవ. అమెరికాలో 14.79, చుట్టూ కుదించి 15. ఇప్పుడు బ్రిటన్‌లో అమ్మే కొలత చెంచా కూడా 15. వాళ్ల పాత ఇంపీరియల్ లెక్క 17.8 దాకా ఉండేది. ఆస్ట్రేలియాలో మాత్రం 20. మిగతా చోట్ల మూడు టీస్పూన్లు ఒక టేబుల్‌స్పూన్ అయితే అక్కడ నాలుగు.

ఇప్పుడు గుత్తొంకాయకి వద్దాం. అవ్వ లెక్క "పెద్ద చెంచాతో అయిదు". అవ్వ చెంచా 11.4 కాబట్టి నూనె 57 మి.లీ. వదిన చెంచాతో అయిదంటే 100 మి.లీ. ముప్పాతిక వంతు ఎక్కువ. నూనె తేలక ఏం చేస్తుంది?

ఆ చెంచాలు వంటల పుస్తకాలకి సరిపోవా అంటే, ఆస్ట్రేలియా వంటకైతే బ్రహ్మాండంగా సరిపోతాయి. చిక్కు ఎక్కడంటే వంట ఒక దేశానిది, చెంచా ఇంకో దేశానిది అయినప్పుడు. యూట్యూబ్‌లో తెలుగు వంటలు చెప్పేవాళ్లు టేబుల్‌స్పూన్ అంటున్నప్పుడు చేతిలో ఏముందో చూడండి. చాలాసార్లు అన్నం తినే చెంచానే. వాళ్ల తప్పేం లేదు, వాళ్లింట్లో ఆ చెంచాకే కూర కుదిరింది.

కప్పుల సంగతి ఇంకా అధ్వాన్నం. అమెరికా కప్పు 236.6 మి.లీ., వాళ్ల పొట్లాల లెక్కకి 240. ఆస్ట్రేలియాలో 250, మన దగ్గర అమ్మే కొలత కప్పుల మీదా ఎక్కువగా 240 గానీ 250 గానీ ఉంటుంది. జపాన్ వంట కప్పు 200. మా రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు మీద 180 ఉంది, అది జపాన్ వాళ్ల పాత బియ్యపు కొలత నుంచి వచ్చింది. కుక్కర్ గిన్నె లోపలి నీళ్ల గీతలు ఆ కప్పు లెక్కనే గీస్తారు. కప్పు పారేసి టీ గ్లాసుతో బియ్యం పోసి, నీళ్లు గీత దాకా పోస్తే అన్నం ఎందుకు ముద్దయిందని కుక్కర్‌ని తిట్టుకోకూడదు.

శనివారం, గాంధీ రోడ్డు

కొలత చెంచాలు కొనడానికి వెళ్లాను. గోవిందరాజస్వామి గుడి వైపు జనం తగ్గాక, స్టీలు సామాన్ల అంగళ్లన్నీ ఒక చుట్టు తిరిగాను. "మెజరింగ్ స్పూన్లున్నాయా అన్నా?" అంటే ఒకాయన టీస్పూన్ల కట్ట తీసి చూపించాడు. ఇంకో అంగట్లో దొరికింది: ఉంగరానికి గుచ్చిన నాలుగు స్టీలు చెంచాలు. పావు, అర, ఒక టీస్పూన్, ఒక టేబుల్‌స్పూన్. పిడి మీద 15 మి.లీ. అని అచ్చు.

ఇంటికొచ్చి పిండి ముద్దలో కూర్చోబెట్టి కొలిస్తే టేబుల్‌స్పూన్ 13.4. టీస్పూన్ 4.8. పావు చెంచా 1.25 ఉండాల్సింది 1.5. వంటకి టీస్పూన్ పనికొస్తుంది, మిగతా రెండూ అచ్చుకి తగ్గట్టు లేవు. ప్లాస్టిక్ సెట్టు ఒకటి కూడా తెచ్చాను, ధర సగమే. దాని టేబుల్‌స్పూన్ 14.8 పట్టింది. మెరిసేదల్లా సరిగ్గా కొలవదు.

పాలకేంద్రంలో లీటరు కొలత, కిరోసిన్ కొలత చూసే ఉంటారు. వాటి మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, గడువు ప్రకారం మళ్లీ సరిచూసి ముద్ర వేయించుకోవాలి. 2009 చట్టం, 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అది వ్యాపారంలో వాడే కొలతలకి. వంటింట్లో వాడుకునే చెంచాకి అలాంటి ముద్ర ఏదీ లేదు కాబట్టి, కొన్నవాళ్లే ఒకసారి సిరంజి పట్టుకోవాలి.

ఆదివారం

ఇవాళ పొడులు. ఇక్కడ మి.లీ. ఒక్కటీ చాలదు, గ్రాములు కూడా కావాలి. చెంచా చోటుని కొలుస్తుంది. ఆ చోట్లో ఎంత సరుకు దూరిందనేది సరుకు ఇష్టం.

గ్రాము కాటా మీద ఒక చెంచా ఉప్పు పెడితే 6 అంటుంది, ఇంకోసారి 5 అంటుంది, దాన్ని నమ్మలేం. అందుకని 4.8 మి.లీ. చెంచాతో పది చెంచాలు పోసి, బరువుని పదితో భాగించాను. ప్రతి చెంచానీ నిండుగా తీసి, కత్తి వీపుతో అంచు మీద ఒక్క గీటు గీసి మట్టం చేశాను. తర్వాత 5 మి.లీ. లెక్కకి సరిచేశాను. సన్న ఉప్పు 6 గ్రాములకి కాస్త పైన. చక్కెర 4.2. పసుపు 3 లోపు. కారం 2.5. మర పట్టించిన కారానికీ పొట్లం కారానికీ తేడా ఉంది, పొట్లంలోది మెత్తన కాబట్టి కాస్త బరువెక్కువ తూగింది.

ఉప్పు దగ్గర ఆగి చూడాల్సింది చాలా ఉంది. అవ్వ వాడేది రాళ్లుప్పు. రాళ్ల మధ్య గాలి, అందుకే అదే చెంచాలో 5 గ్రాములే పట్టింది. సన్న ఉప్పుని మట్టం చేయకుండా గుట్టగా తీస్తే 9 దాటింది. అంటే "ఒక చెంచా ఉప్పు" అన్న మాట ఒకే చెంచాతో 5 గ్రాములూ కావచ్చు, 9 గ్రాములూ కావచ్చు. వదినని అడిగాను, ఏ ఉప్పు వాడుతున్నావని. "రెండూ ఉన్నాయి. చేతికి ఏది దొరికితే అది." పులుసు ఒకరోజు చప్పగా, ఒకరోజు కషాయంగా ఎందుకుందో తెలిసింది. పట్టికలో ఉప్పుని గ్రాముల్లోనే రాస్తున్నాను, చెంచా లెక్క పక్కన చిన్న అక్షరాల్లో.

రాగిపిండి ఇంకో రకం. 250 మి.లీ. కప్పులోకి వదులుగా జల్లిస్తే 135 గ్రాములు. కప్పుని బల్ల మీద నాలుగు తట్లు తట్టి, కుంగినచోట మళ్లీ నింపితే 170 దాకా పోయింది. సంగటికి ఈ తేడా ముద్దకీ జావకీ మధ్య తేడా. పిండి మరలో పట్టించి తెచ్చిన రోజు వదులుగా ఉంటుంది, డబ్బాలో వారం కూర్చుంటే కుదురుకుంటుంది. అవ్వ ఇదంతా చూసి, "పిండి కొలిచి పోస్తారా ఎవరైనా? గెలుకుతా ఉంటే తెలుస్తుంది," అంది. తెలుస్తుంది, ఆమెకి.

మంగళవారం

ఇవాళ పని ఆగింది, మంచి కారణానికే. అవ్వని కూర్చోబెట్టి వంటలన్నీ వరసగా చెప్పించుకుంటుంటే, సగం వంటలకి మి.లీ.లు అక్కర్లేదని తేలింది.

సంగటి: బియ్యం ఒకటి, రాగిపిండి ఒకటి, నీళ్లు నాలుగు. మామిడికాయ ఊరగాయ: ఏ గిన్నెతో కారం పోస్తే ఆ గిన్నెతోనే ఆవపిండి, ఉప్పు తల కొట్టి. ఇడ్లీ: ఒకటికి మూడో నాలుగో, మినప్పప్పు రకాన్ని బట్టి. ఇవన్నీ పాళ్ల మీద నడిచేవి. గిన్నె 180 అయినా 250 అయినా లెక్క చెడదు, అన్నీ ఒకే గిన్నెతో పోసినంత కాలం. వీటిని మి.లీ.లలోకి మారిస్తే పట్టిక బరువెక్కడమే కాదు, వదిన ఇంకో గిన్నె తీసుకునే స్వేచ్ఛ కూడా పోతుంది. వాటిని పాళ్లుగానే ఉంచుతున్నాను.

మి.లీ. కావాల్సింది ఎక్కడంటే, ఒకటి లెక్కతో వచ్చి ఇంకోటి చెంచాతో వచ్చినప్పుడు. "వంకాయలు పన్నెండు, నూనె అయిదు చెంచాలు." "పెసరపప్పు ఒక ప్యాకెట్టు, ఉప్పు ఒకటిన్నర." వంకాయలకీ చెంచాకీ చుట్టరికం లేదు కాబట్టి అక్కడే తేడా కొడుతుంది. సోడా ఉప్పు లాంటివి మరీ. పట్టికలోకి అవే ఎక్కుతాయి.

మాటల్లో మాటగా అవ్వ అటక మీద నుంచి వడ్లూ బియ్యం కొలిచే ఇత్తడి పడి దింపించింది. పలమనేరు దగ్గర పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అంచుకి కాస్త సొట్ట, అడుగున చింతపండుతో తోమిన చోట తప్ప అంతా నల్లగా. "దీన్ని కొలువు చూస్తాం," అంది. 50 మి.లీ. సిరంజితో నేను పోస్తుంటే ఆవిడ లెక్కపెట్టింది: "లాభం... రెండు... మూడు..." వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకూడదట, లాభం అనాలి. నీళ్లకి కూడా అదే లెక్క.

అంచు దాకా 1,560 మి.లీ. పట్టింది. బియ్యం తల కొట్టి పోస్తే 1,300 గ్రాములు, గోపురంగా పోస్తే ఇంకో నూటేబై. ఈ చుట్టుపక్కల పడి ఎందుకంటే, చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది మద్రాసు ప్రెసిడెన్సీలో, ఎక్కువ భాగం తమిళుల పడి నడిచే ఉత్తర ఆర్కాటు నుంచి విడదీసి. కోస్తాలో గిద్దలు, సోలలు, తవ్వలు, మానికలు, కుంచాలు నడిస్తే మా వైపు పడి, అరపడి, పావుపడి. ఊరికో పడి ఉండేదంటుంది అవ్వ. 1956లో కేంద్రం తూనికల చట్టం తెచ్చింది, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు మొదలయ్యాయి. అంగట్లోంచి పడి పోయి చాలాకాలమైనా అవ్వ నోట్లోంచి పోలేదు. పట్టిక కింద ఒక వరస: మా ఇంటి పడి 1.56 లీటర్లు. వేరే ఇంటి పడికి ఇది వర్తించదు.

గురువారం రాత్రి

నూనె, నెయ్యి, పాలు, తేనె. ఇవి మి.లీ.ల్లో కొలవడం తేలిక, కానీ వదిన దగ్గర ఉన్నది కాటా. అందుకని రెండూ రాస్తున్నాను. చెనిక్కాయ నూనె మి.లీ.కి 0.91 గ్రాములు, కరిగిన నెయ్యీ అంతే. పాలు 1.03. తేనె 1.4 చుట్టుపక్కల. 15 మి.లీ. నూనె 13.7 గ్రాములైతే, అంతే తేనె 21.

నూనె ప్యాకెట్టు మీద లీటరు అని, పక్కన 910 గ్రాములని ఉండేది ఇందుకే. ఇంతకుముందు కొందరు ఫలానా ఉష్ణోగ్రత దగ్గర లీటరు అని రాసేవాళ్లు. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే తూగుతుంది. అంటే ఉష్ణోగ్రత ఎక్కువ రాసుకుంటే లీటరు పేరుతో తక్కువ నూనె పోయొచ్చు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణం, బరువు రెండూ రాయాలని కంపెనీలకి చెప్పి, 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. వంటింట్లో చెంచాకి ఈ తేడా అంటదు, డబ్బాకి అంటుంది.

చెంచాతో నూనె పోసేటప్పుడు ఒక మాట. నూనె చెంచాకి అంటుకుంటుంది. 15 మి.లీ. చెంచాని నింపి గిన్నెలోకి వంపి, ఒక్క విదిలింపుతో తీసేసి గిన్నె తూచాను. 13 గ్రాములకి కాస్త తక్కువే పడింది, మిగతాది చెంచాలోనే. తేనెకైతే ఇంకా. ముందు అదే చెంచాతో నూనె పోసి, తర్వాత తేనె పోస్తే జారిపోతుంది. ఇది అమ్మ చెప్పిన కిటుకు.

శనివారం

పిడి మీద అంకెలు వేయించడం. మార్కరు పెన్నుతో రాస్తే రెండు తోముళ్లకి పోయింది. గిన్నెల మీద పేర్లు కొట్టే అతని దగ్గరికి వెళ్లాను. స్టూలు వేసుకుని, చేతిలో గుయ్‌మనే మిషనుతో ఎవరివో పెళ్లి సామాన్ల మీద పేర్లు కొడుతున్నాడు. నా వంతు వచ్చింది.

"ఎవరి పేరక్కా?"

"పేరు కాదన్నా. దీని మీద అయిదు, దీని మీద పదిహేను."

"వాటాలా?" అని నవ్వాడు. అన్నదమ్ములు సామాన్లు పంచుకుంటున్నారనుకున్నాడేమో.

సంగతి చెప్పాక అతనే ఒక సలహా ఇచ్చాడు. అవ్వకి చూపు ఆనదంటున్నారు కదా, అంకెతో పాటు చుక్కలు గట్టిగా కొడతాను, వేలికి తగులుతాయి. అయిదుకి ఒక చుక్క, పదిహేనుకి మూడు. చాలా బాగుంది. అంకెలు వేసినవి ఇవి: 4.8 పట్టే టీస్పూన్‌కి 5, అవ్వ పెద్ద చెంచాకి దాని సొంత లెక్క 11. పదిహేనుకి ఇంట్లో స్టీలుది ఏదీ సరిపడలేదు, ఇంకో అంగట్లో ముందే నీళ్లు పోసి చూపించమని అడిగి కొన్న చెంచా మీద వేయించాను. అంగడాయన వింతగా చూశాడు కానీ, గ్లాసుతో నీళ్లు తెప్పించాడు.

గ్లాసుకి గీతలు కూడా పెట్టుకుందామని చూశాను. మన కాఫీ గ్లాసు కింద సన్నం, పైన వెడల్పు. నిండుగా 200 పట్టే గ్లాసు సగం ఎత్తుకి 84 మాత్రమే పట్టింది. కాబట్టి "అర గ్లాసు" అన్నదాన్ని ఎత్తు చూసి పోస్తే తక్కువ పడుతుంది. నిటారుగా ఉండే గాజు సీసా తీసుకుని, కాగితం టేపు నిలువుగా అంటించి, సిరంజితో 50 చొప్పున పోస్తూ గీతలు పెట్టాను. తర్వాత టేపు పక్కనే గోళ్లరంగుతో గీతలు దిద్ది టేపు పీకేశాను. ఎర్ర గీతలు. ఇప్పటిదాకా తోముడుకి తట్టుకున్నాయి.

సోమవారం

పట్టిక అలమరకి అంటించాక పక్కింటి వాళ్లు చూసి, బిడ్డకి జ్వరం మందు పోయడానికి కూడా ఇదే చూసుకోవచ్చా అని అడిగారు. వద్దన్నాను. మందుకి మందుతో వచ్చిన మూతే, లేదా సిరంజే. పిల్లల పారాసెటమాల్ సిరప్పులో 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉన్నదీ ఉంటుంది, 250 ఉన్నదీ ఉంటుంది. చెంచా కొలత సరిగ్గా ఉన్నా సీసా మారితే మోతాదు రెట్టింపు. ఎన్ని మి.లీ. అనేది డాక్టరు ఆ సీసాని చూసి చెప్పాల్సిన మాట.

విరేచనాలకి ఇంట్లో కలిపే ఉప్పు చక్కెర నీళ్లు మాత్రం పట్టిక అడుగున రాశాను, ఎందుకంటే అక్కడ చెంచా తేడా నేరుగా ఒంటి మీద పడుతుంది. లీటరు మంచినీళ్లకి చక్కెర మట్టంగా ఆరు టీస్పూన్లు, ఉప్పు మట్టంగా అర టీస్పూన్. టీస్పూన్ అంటే 5 మి.లీ.ది. అర చెంచా ఉప్పు 3 గ్రాములు. అవ్వ పెద్ద చెంచాతో అర అనుకుని వేస్తే 7 దగ్గరికి పోతుంది, రెట్టింపు కంటే ఎక్కువ. పసిబిడ్డకి అంత ఉప్పు ప్రమాదం. దొరికినప్పుడు ఓఆర్‌ఎస్ పొట్లమే మేలు, అయితే అది లీటరుదా, 200 మి.లీ.దా అని పొట్లం మీద చదివి కలపాలి.

బుధవారం

వదిన వీడియో కాల్‌లో గుత్తొంకాయ చేసింది. నూనె 57 మి.లీ.కి బదులు 60 అనుకుని తన 20 మి.లీ. చెంచాతో మూడు. రాళ్లుప్పు కాటా మీద 9 గ్రాములు. చెనిగింజల పొడి పాళ్ల లెక్కనే, నువ్వులకి రెండింతలు. అవ్వ ఫోన్ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుని మూకుడులోకి చూస్తూ కూర్చుంది. నూనె తేలలేదు. "ఇంకొంచెం పడుండాల్సింది," అంది అవ్వ. ఆ ఇంకొంచెం ఎంతో నేను అడగలేదు, వదినే రుచి చూసుకుని ఒక టీస్పూన్ వేసుకుంది. పట్టికలో 60 కొట్టేసి 65 రాశాను.

మిగిలిన పనులు. చింతపండు: అవ్వ లెక్క "నిమ్మకాయంత". కాటా మీద ఒకసారి 22, ఒకసారి 31 వచ్చింది, నిమ్మకాయలే ఒక సైజులో లేవు. గింజ, పీచు తీసి తూచాలి. కొత్త చింతపండుకీ పాతదానికీ పులుపు తేడా ఉంది, అది గ్రాములతో తెగదు. బెల్లం: తరిగినదా, పొడిదా అన్నదాన్ని బట్టి కప్పు బరువు మారుతోంది, కొలత తీసేసి గ్రాములే ఉంచుదామనుకుంటున్నాను. ఇంగువ: గ్రాము కాటాకి అందదు. నగల అంగట్లో వాడేలాంటి పాయింటు కాటా చిన్నది ఒకటి ఆర్డరు పెట్టాను. వచ్చాక చిటికెడు సంగతి చూడాలి, అవ్వ చిటికె, అమ్మ చిటికె, నాది విడివిడిగా.